పోయి వచ్చెదనను మాట



గడప దాటి దూరమునకు బయలుదేరువాడు మన యూళ్ళలో “పోత” అని యెన్నడును అనడు. “పోయొస్త” అనును. పసివాడెవడైన తెలియక “పోత” అన్నచో, అరుగుమీది ముసలమ్మ వెంటనే “పోయొస్త అనాలె బిడ్డా” అని దిద్దును. పోవుట ఆ క్షణమున జరుగుచున్న పని. వచ్చుట యెన్నటికో జరుగవలసిన పని. ఆ రెంటిని ఒక్క ముడి వేసి, రెండవదానినే వాక్యము కొసయందు నిలుపుట మన భాష చేసిన యుపాయము. తెలుగు వాక్యములో బరువు చివరి క్రియమీద పడును. “పోయి” అనునది అసమాపకము, అనగా ముగియనిది. “వత్తును” అనునదే ముగింపు. మనిషి పోవుచున్నను మాట మాత్రము వచ్చుచున్నది.

ఈ ప్రసంగమున ప్రయాణమై కదలుటను, దూరమును మన భాష యెట్లు పలుకుచున్నదో, ఇంగ్లీషువారును చీనావారును ఎట్లు పలుకుచున్నారో కొంత సరిపోల్చి చెప్పదలచినాను. ఇది పండితుల వినోదమునకు మాత్రమే చెందిన విషయము కాదు. 2016వ సంవత్సరమున విభజింపబడుటకు పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు వలసకు పేరుపడిన సీమ. తెలంగాణమునుండి కూలికి పోయిన కామాఠీల పేరనే బొంబాయిలో కామాఠిపుర మేర్పడినది. సిరిసిల్ల ప్రాంతపు నేతగాండ్రు షోలాపురమునకును భివండికిని మగ్గముల వెంట పోయిరి. 1970 తరువాతి సంవత్సరములలో గల్ఫుదేశముల దారి తెరువబడినది. అప్పటినుండి దుబాయి, మస్కటు, కువైటు, రియాదు అను పేళ్ళు జగిత్యాల, వేములవాడ, నిర్మల్ సంతల పేళ్ళంత పరిచితములైనవి. అక్కడినుండి వార్త వచ్చినప్పుడు దానిని మొదట వినువాడును, ఇంటివారికి విప్పి చెప్పువాడును తరచుగా ఊరి పెద్దయే. ఆ వార్తలలోని మాట లెట్టివో తెలిసియుండుట అవసరము.

ముందుగా “పోవుట” అను క్రియనే చూతము. దీనికి మనము జడియుటకు కారణము లేకపోలేదు. “ముసలాయన పోయిండు” అన్నచో ఆయన అంగడికి పోయినాడని యెవ్వరును అనుకొనరు. ఒక్క క్రియకు రెండర్థము లున్నప్పుడు, చెడ్డ యర్థము మంచి యర్థమును మ్రింగివేయును. కావున మనము ఆ క్రియకు “వచ్చు” అను తోడును కట్టి పంపుదుము. మన భాషకు ఇట్టి యలవాటు చాల కలదు. దీపము ఆరినది అనక కొండెక్కినది అందుము. బియ్యము అయిపోయినవి అనక నిండుకొన్నవి అందుము. గాజు పగిలినది అనక పెరిగినది అందుము. లోటును నిండుదనముగా పలుకుట యిది. తెలియనివానికి వింతగా తోచును గాని, పరాయి ప్రాంతపు కోడలు “బియ్యం నిండుకున్నయి” అని విని సంతోషించి ఊరకున్నచో ఆ పూట పొయ్యి వెలుగదు.

ఈ జాగ్రత్త మనకు మాత్రమే సొంతము కాదు. అరవవారును కన్నడులును మనవలెనే పోయి వచ్చెదమందురు. ఆదిలాబాదు పొలిమేరకు ఆవలనున్న మరాటీలు ఇంకొక అడుగు ముందుకు వేసినారు. ఇల్లు విడుచుచున్న మరాటీవాడు “యేతో” అనును. అనగా “వచ్చుచున్నాను” అనియే అర్థము. పోవుటను పూర్తిగా మింగివేసి, వచ్చుటనే పలుకును. ఇచ్చోడ, బోథు ప్రాంతముల రెండు భాషలును ఎరిగినవారికి ఇది వింత కాదు. క్రొత్తవాడు మాత్రము, వచ్చుచున్నానని చెప్పి యితడు వెలుపలికి నడచుచున్నాడేమని తెల్లబోవును.

బయలుదేరువానిని “ఎక్కడికి?” అని సూటిగా అడుగరాదని మన పెద్దలు విధించిరి. “ఎందాక?” అనియో, “ఎంతదూరం?” అనియో అడుగుదుము. అడిగినది దూరమునుగూర్చి, తెలిసికొన గోరినది చోటునుగూర్చి. తుమ్ము, పిల్లి, వెనుకనుండి పిలుపు మొదలగు శకునముల జోలికి నేనిప్పుడు పోను. అవి మీకు నాకంటె బాగుగా తెలియును.

ఇంగ్లీషువారి “గుడ్‌బై” అను మాటలో మంచి యను అర్థముగల “గుడ్” తరువాత వచ్చి చేరినది. మొదట అది “దేవుడు నీతో నుండుగాక” అను అర్థముగల పూర్తి వాక్యము. నాలుకమీద అరిగి అరిగి ఒక్క మాట యైనది. మన ఉరుదూ మాటలాడు పొరుగువారి “ఖుదా హాఫిజ్” కును అర్థ మట్టిదే. దేవుడే కాపు అని. ఇంగ్లీషున “ఫేర్‌వెల్” అను ఇంకొక మాట కలదు. అందలి “ఫేర్” అనగా పూర్వము ప్రయాణము చేయుట. “ప్రయాణము బాగుగా చేయుము” అని దాని భావము. ఆ ప్రయాణమను మాటయే నేడు బస్సులో కండక్టరు పుచ్చుకొను ఛార్జీకి పేరైనది. దీవెన వెనుకబడి డబ్బులు నిలిచినవి!

చీనావారు విడిపోవునపుడు “త్సాయ్‌చ్యెన్” అందురు. “మరల చూతము” అని అర్థము. మనవలెనే వారును పోవుటను చెప్పక తిరిగి కలియుటను చెప్పుదురు. అతిథిని వాకిటివరకు సాగనంపు చీనా గృహస్థుడు “మాన్ త్సౌ” అనును. మాటకు మాట చెప్పినచో “మెల్లగా నడువుము” అగును. అంగడివాడు కూడ సరకు కొని లేచినవానితో ఇదే మాట చెప్పును. తొందర లేదు, కాలు జారకుండ పొమ్మని భావము. దీనికి సరియైన మాట కోస్తా తెలుగులో వెదకిన దొరకునో లేదో గాని, మన సీమలో సిద్ధముగా నున్నది. “పైలం బిడ్డా” అందుము గదా. పైలము అనగా జాగ్రత్త. బస్సెక్కుచున్న కొడుకుతో తల్లి పలుకు మాటలన్నిటిలో కడపటిది అదియే.

చీనాలో “ఈలూ షున్‌ఫెంగ్” అను దీవెన కలదు. దారి పొడవునను గాలి అనుకూలముగా వీచుగాక అని అర్థము. తెరచాప నావల కాలపు మాట. విమానములు వచ్చిన పిమ్మట ఈ దీవెనకు చిక్కు వచ్చినది. విమానము వెనుకగాలితో గాక ఎదురుగాలిలో లేచుట మేలు. కావున విమాన మెక్కువానికి ఆ మాట చెప్పుటకు నేడు అనేకులు సంకోచించి, దారి యంతయు క్షేమమగు గాక అనుచున్నారు. ఇంకొక మాట, “ఈలూ త్సౌహావ్”, దారి పొడవున బాగుగా నడువుమని. చూచుటకు చక్కని దీవెన. కాని చచ్చినవారికి తుది వీడ్కోలుగా చెప్పి చెప్పి అది వారి మాటయే యైపోయినది. బ్రతికినవానికి చెప్పినచో అపశకునము. మన “పోయిండు” కు పట్టిన గతియే అక్కడ ఆ మాటకును పట్టినది.

మన దీవెనలలో అన్నిటికంటె నిండైనది “క్షేమముగా పోయి లాభముగా రమ్ము” అనునది. ఇది వర్తకుల నోట పుట్టినదై యుండునని నా యూహ. ఎడ్లబండ్లమీద సరకు వేసికొని పోవువానికి దారిలో దొంగలభయము, అంగడిలో నష్టభయము. పోవునపుడు ఒకటి కోరి, వచ్చునపుడు ఇంకొకటి కోరినారు. గల్ఫునుండి తిరిగి వచ్చినవారు అక్కడి “మఅస్సలామా” అను మాట నెరుగుదురు. క్షేమముతో పొమ్మని దాని యర్థము. లాభము ప్రసక్తి అందులో లేదు.

ఇక “సెలవు” అను మాట. ఇది నాకు మిక్కిలి ఇష్టమైనది. పెద్దలయొద్దనుండి లేచుచు “సెలవు” అందుము. సెలవనగా అనుమతి, ఆజ్ఞ. అందుచేతనే గౌరవింపదగినవారు మాటలాడినపుడు “సెలవిచ్చినారు” అందుము. కచేరి ఉద్యోగి పనికి రాని దినము కూడ సెలవే. ఏలయన అది పైవాడిచ్చిన యనుమతి. పుస్తకపు తెలుగున సెలవునకు వ్యయమను అర్థమును కలదు. ఇప్పుడు ఇంగ్లీషును చూడుడు. వెడలిపోవుటకు “లీవ్” తీసికొనుట అని వారందురు. వదలుట యను అర్థముగల “లీవ్” వేరు, ఇది వేరు. ఈ “లీవ్” నకు పూర్వార్థము అనుమతియే. కచేరిలో సెలవును కూడ వారు ఆ మాటతోనే పిలుచుచున్నారు. ఉరుదూలో “రుక్సతు” అనగా అనుమతి. పోవుటకు తీసికొను సెలవును అదియే. పెండ్లికూతురును అత్తవారింటికి పంపు వేడుకకు “రుక్సతీ” అని పేరు. మనకు అప్పగింతలెట్టివో వారికి అది యట్టిది. ఏడు సముద్రముల కవతల పుట్టిన భాషయు, నిజాము కచేరీలలో ఏలిన భాషయు, మన భాషయు ఒక్క త్రోవను నడచినవి. పోవువాడు తన యిష్టముచేత పోరాదు, ఉన్నవారు పొమ్మనవలెను.

ఇది మర్యాదయందు అందమైన విషయము. చట్టమునందు అంత అందము కాదు. గల్ఫుదేశములలో కార్మికుని పూచీ వహించు యజమానిని కఫీలు అందురు. కొన్ని దేశములలో ఆ కఫీలు ఒప్పుకొన్నగాని కార్మికుడు దేశము విడిచి రారాదను నిబంధన యుండెను. తండ్రి చనిపోయినను కొడుకునకు సెలవు దొరకక కొరివి పెట్టుటకు వేరొకరు నిలిచిన యిండ్లు మన సీమలో ఉన్నవి. ఖతరు దేశము 2018లో చాలమంది కార్మికులకు ఈ నిబంధనను తొలగించి, 2020లో ఇంటి పనివారికిని ఆ మేలు కలిగించెను. సౌదీ అరేబియా 2021లో దానిని సడలించినది గాని, ఇండ్లలో పనిచేయువారిని ఆ సంస్కరణకు వెలిగా ఉంచినది.

సెలవు పుచ్చుకొనక కఫీలును విడిచి వేరొకచోట పనిచేయువానిని మనవారు “ఖల్లివెల్లి” అందురు. ఇది అరబ్బీ పలుకు. వదలుము, పోనిమ్ము అను అర్థమున అక్కడివారు నిర్లక్ష్యముగా అను మాట. మన పల్లెలలో అది ఒక మనిషి దశకు పేరైనది. “వాడు ఖల్లివెల్లి అయిండు” అన్నచో కాగితములు లేనివాడైనాడని తాత్పర్యము. అట్టివాడు స్వదేశమునకు రావలెనన్న రాయబార కార్యాలయమువారిచ్చు ఔట్‌పాసు కావలెను. ఐక్య అరబ్బు ఎమిరేట్లలో 2007లోను 2018లోను క్షమాభిక్ష ప్రకటించిరి. అట్టి గడువులలో జరిమానా లేకుండ తిరిగి వచ్చుటకు వీలు కలుగును.

సెలవు లేక పోవుట యన్న ఒక వేడుక జ్ఞాపకము వచ్చుచున్నది. చెప్పక చేయక జారుకొనుటను ఇంగ్లీషువారు “ఫ్రెంచివాని సెలవు” అందురు. ఫ్రెంచివారు అదే పనిని “ఇంగ్లీషువానివలె జారుకొనుట” అందురు. ఎవరి పొరుగువారు వారికి మర్యాద లేనివారు! మనము మాత్రము ఎవరిమీదను పెట్టక “చెప్పా పెట్టకుండ పోయినాడు” అని ఊరకుందుము.

ఇక దూరము. గజములు, కోసులు కనుగొనక పూర్వము మనుష్యుడు దూరమును తన కంఠముతో కొలిచినాడు. కూతవేటు దూరమందుము. మన కోసునకు మూలమైన “క్రోశము” అను సంస్కృత శబ్దమునకు అరపు అనియే మొదటి యర్థము. గోరుతమనగా ఆవు అంభారవము వినిపించునంత మేర. యోజనమనగా ఎడ్లను ఒక్కసారి కాడికి పూన్చి, మరల విప్పువరకు పోవునంత దూరము. అందుచేత ఈ కొలతలు ఊరూరికి మారుచుండెను. ఆమడ యనగా ఎనిమిది మైళ్ళని కొందరు, పదియని కొందరు చెప్పుదురు. ఎద్దు బలమును, దారి మెరకయు ఒక్కటిగా నుండవు గదా. నేడు ఆమడ కొలతగా చచ్చిపోయి నుడికారముగా బ్రతికియున్నది. “వాన్ని చూస్తె ఆమడ దూరం ఉరుకుతడు” అన్నప్పుడు ఎవ్వరును మైళ్ళు లెక్కింపరు.

ఇంగ్లీషువాడు దొరవలె కొలుచునని మనము భ్రమపడుదుము గాని, అతని కొలతయు నాగలి చాలులోనే పుట్టినది. ఫర్లాంగు అనగా “చాలు పొడవు”. ఎడ్లు ఒక్క బిగువున దున్ని, మలుపు వద్ద ఊపిరి తీసికొనుటకు ముందు పోవునంత పొడవు, 220 గజములు. దానికి 22 గజముల వెడల్పు చేర్చినచో 4840 చదరపు గజములు. అదియే ఎకరము. ఒక కాడి ఎడ్లు ఒక దినమున దున్నగల నేల యని పూర్వపు లెక్క. మన పట్వారీలు దానినే 121 చదరపు గజముల గుంటలుగా పంచి, 40 గుంటలని వ్రాసిరి. మైలు మాత్రము సిపాయిల కొలత. రోమకుల సేనలో వేయి జంట అడుగులకు ఆ పేరు. 1593లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్తు కాలమున, సిపాయి మైలును రైతు ఫర్లాంగులకు సరిపెట్టి, ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలని చట్టము చేసిరి. మన దేశము 1956లో చట్టము చేసి, తరువాత క్రమముగా కిలోమీటరునకు మారినది. అయినను మైలురాయి మైలురాయియే. కిలోమీటరురాయి అని ఎవ్వరును అనుట లేదు.

చీనావారి కొలత “లీ”. నేడు అది సరిగా అర్ధ కిలోమీటరు. పూర్వము రాజవంశము మారినకొలది అదియు మారుచుండెను. వారి నుడికారములో వేయి లీలనగా చాల దూరము. పదివేల లీలనగా లెక్కకు మించినది. మహాకుడ్యమును వారు పదివేల లీల పొడవుగోడ యందురు. దూరదేశమునకు “ఆకాశపు టంచు, సముద్రపు మూల” అని పేరు. వారి దక్షిణమున హైనాన్ దీవిలో సముద్రతీరమున ఆ మాటలు చెక్కిన బండలు కలవు. జనులు వేడుకకై పోయి చూచుచుందురు.

పూర్వకాలపు చీనాలో రాజధాని చాంగాన్ వెలుపలి వంతెనవరకు మిత్రుని సాగనంపి, నీరవంజివంటి యొక చెట్టు కొమ్మను త్రుంచి చేతికిచ్చు నాచారముండెను. ఆ చెట్టు పేరును, “నిలువుము” అను మాటయు వారి భాషలో ఇంచుమించు ఒక్కటిగానే వినబడును. నోటితో అనక కొమ్మతో అనిరి. మన శాకుంతలమునందును ఆప్తులను నీటి యొడ్డువరకే సాగనంపవలెనను మర్యాద చెప్పబడినది. ధర్మపురివారికిని మంథనివారికిని ఆ నీటి యొడ్డు గోదావరియే. పుట్టియెక్కి ఆవలి యొడ్డు చేరినవాడు మరొక జిల్లాలోనివాడు.

ఈ లెక్కలను రైలు తలక్రిందులు చేసినది. 1929లో కాజీపేటనుండి బల్లార్షా వరకు రైలుమార్గము పూర్తియైన పిమ్మట, మంచిర్యాల మదరాసునకును ఢిల్లీకిని ఒక్క త్రోవలోని యూరైనది. విమానము ఇంకను వింత. ఆదిలాబాదునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. బస్సులో ఆరు గంటలకు తక్కువ పట్టదు. హైదరాబాదునుండి దుబాయికి విమానములో సుమారు నాలుగు గంటలు. అయినను ఏ తల్లియు దుబాయి దగ్గరయనదు. దూరమును మనము గంటలలో కొలుచుట లేదు, తిరిగి వచ్చుటకు పట్టు కాలములో కొలుచుచున్నాము.

దూరపు కొండలు నునుపు అని మన సామెత. కంచెకు ఆవలి గడ్డి ఎక్కువ పచ్చన అని ఇంగ్లీషువారిది. విదేశపు చంద్రుడు ఎక్కువ గుండ్రన అని చీనావారు ఎగతాళి చేయుదురు. మూడింటిలో చీనావారిదే నాకు వాడిగా తోచును. గడ్డియైన ఒక్కొక్కచోట ఎక్కువ పచ్చగా నుండవచ్చును. చంద్రుడు ఒక్కడే గదా. వేయి లీల దూరమునుండి పంపిన హంస యీక అను నుడి యొకటి వారికి కలదు. కానుక తేలిక, ప్రేమ బరువు. కుచేలుని అటుకులు ఎరిగిన మనకు దానిని విప్పి చెప్పనక్కరలేదు. దూరపు చుట్టముకంటె దగ్గరి పొరుగువాడు మేలని వారి సామెత. గల్ఫు ఇల్లాండ్రకు నడిరేయి ఆసుపత్రికి తోడు వచ్చువారు ఆ పొరుగువారే.

చివరగా, మొదట చెప్పిన వార్తల విషయము. మరణమును నేరుగా పలుకలేక అన్ని భాషలును పోవుట వెనుక దాగుచున్నవి. ఇంగ్లీషున దాటిపోయినాడందురు, చీనాలో “చ్యుషీ”, అనగా లోకమును విడిచిపోయినాడందురు. మన దేశపు ఇంగ్లీషులో మాత్రము “ఎక్స్‌పైర్” అను మాట మిక్కిలి వాడుకయైనది. ఊపిరి వెలుపలికి విడుచుట దాని మూలార్థము. ఇదే మాటను గడువు తీరిన కాగితమునకును వాడుదురు. వీసా ఎక్స్‌పైర్ అగును, ఇఖామా ఎక్స్‌పైర్ అగును, మనిషియు ఎక్స్‌పైర్ అగును. పరాయి దేశపు శిబిరమునుండి, తెలుగు రాని తోటి కూలివాడు, తెగుచున్న ఫోనులో పేరు చెప్పి ఈ ఒక్క మాట అన్నచో ఏమనుకొనవలెను? “పోయిండు” అన్నను ఇట్టిదే. పోయినది పనికా, జైలుకా, ఆసుపత్రికా, లోకాంతరమునకా?

ఇట్టి పిలుపు వచ్చినపుడు వినుచున్న పెద్ద ఊహించి ఇంటివారికి చెప్పరాదు. మనిషి బ్రతికియున్నాడా లేదా అని సూటిమాటతో రెండుమారులు అడుగవలెను. అక్కడ అపశకునమను శంక పనికిరాదు. మాటలాడువాని పేరు, నంబరు, పనిచేయు కంపెనీ పేరు, చికిత్స జరిగిన ఆసుపత్రి పేరు వ్రాసికొనవలెను. ఇంటనున్న పాసుపోర్టు నకలులోని సంఖ్యను చేత నుంచుకొనవలెను. నిజముగా చనిపోయినచో, అక్కడి ప్రభుత్వమువారి మరణ పత్రమును, భారత రాయబార కార్యాలయమువారి నిరభ్యంతర పత్రమును లేనిది శరీరము విమాన మెక్కదు. ఆ కార్యాలయమువారు మొదట అడుగునది పాసుపోర్టు సంఖ్యయే.